మెల్‌బోర్న్ అమెచ్యూర్ ఫుటీలో ఒక జట్టు ప్రీమియర్‌షిప్ ఎలా గెలుస్తుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

మెల్‌బోర్న్‌కు వచ్చి కొన్నేళ్లయినా చాలామంది తెలుగువాళ్లకు ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) అంటే సెప్టెంబరు చివర్లో ఆఫీసులో అందరూ మాట్లాడుకునే ఆట మాత్రమే. లక్షమంది చూసే ఆ ఎంసీజీ ఫైనల్ గురించి ఇక్కడ రాయడం లేదు. మీ ఇంటి పక్క పార్కులో శనివారం మధ్యాహ్నం పైసా తీసుకోకుండా ఆడేవాళ్ల గురించి, వాళ్లు ఒక ఏడాది కప్పు గెలవడం వెనక ఏముంటుందన్న దాని గురించి. పక్క సీటులోని కొలీగ్ "ఈ వారం గ్రాండ్ ఫైనల్, వస్తావా?" అని పిలిస్తే, వెళ్లే ముందు ఇది ఒకసారి చదవండి.

అమెచ్యూర్ అంటే నిజంగానే డబ్బులు ఇవ్వరా?

ఇవ్వరు. పైగా ఆటగాళ్లే క్లబ్‌కు ఏడాది రుసుము కట్టాలి. దాన్ని సబ్స్ అంటారు. బూట్లు, మౌత్‌గార్డ్, ఫిజియో ఖర్చు ఎవరిది వాళ్లదే. మెల్‌బోర్న్ శివార్లలోని, పల్లెల్లోని ఎన్నో లీగుల్లో మంచి ఆటగాడికి మ్యాచ్‌కింత అని ఇస్తారు. అక్కడ డబ్బు మితిమీరకుండా చెల్లింపులపై పరిమితులు, ఆటగాళ్లకు పాయింట్ల లెక్కలు పెట్టాల్సి వచ్చింది. విక్టోరియన్ అమెచ్యూర్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌లో మాత్రం ఆటకు డబ్బు తీసుకోకూడదన్నది మొదటి నియమం. ఈ సంస్థను అందరూ వాఫా అనే పిలుస్తారు. 1892లో మెట్రోపాలిటన్ జూనియర్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పేరుతో మొదలైంది. ఎల్‌స్టర్న్‌విక్ పార్క్ దీని సొంత గడ్డ లాంటిది.

ఇక్కడి క్లబ్బుల్లో చాలావరకు పాత విద్యార్థులవి. ఓల్డ్ జేవియరియన్స్ జేవియర్ కాలేజీ వాళ్లది, ఓల్డ్ మెల్బర్నియన్స్ మెల్‌బోర్న్ గ్రామర్ వాళ్లది, కాలేజియన్స్ వెస్లీ వాళ్లది. యూనివర్సిటీ బ్లూస్, యూనివర్సిటీ బ్లాక్స్ మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవి. పేట పేరు మీద నడిచే క్లబ్బులూ ఉన్నాయి. అయితే పాత విద్యార్థి కానివాళ్లను గేటు దగ్గరే ఆపేస్తారనుకోకండి. రిజర్వ్స్‌కు, అంటే క్లబ్ రెండో జట్టుకు, మనుషులు దొరక్క అల్లాడే రోజుల్లో ఎవరొచ్చినా సంతోషమే.

ఆట తెలియదు. రెండు ముక్కల్లో చెప్పగలరా?

కోడిగుడ్డు ఆకారంలో బంతి, అదే ఆకారంలో మైదానం, ఒక్కో వైపు 18 మంది. రెండు చివర్లలో నాలుగేసి స్తంభాలు. నడిమి రెండు పొడవాటి వాటి మధ్యనుంచి కాలితో కొట్టిన బంతి ఎవరికీ తగలకుండా వెళ్తే గోల్, 6 పాయింట్లు. పక్క స్తంభాల మధ్యనుంచి వెళ్తే బిహైండ్, 1 పాయింటు. చేత్తో విసరకూడదు, పిడికిలితో కొట్టి అందించాలి. బంతి పట్టుకుని పరిగెత్తేవాడు 15 మీటర్లకోసారి నేలకు కొట్టాలి లేదా తాకించాలి. 15 మీటర్లకు తగ్గకుండా వచ్చిన కిక్‌ను గాల్లోనే పట్టుకుంటే అది మార్క్, అప్పుడు ఆగి ప్రశాంతంగా కొట్టుకోవచ్చు. ఆఫ్‌సైడ్ లేదు. నాలుగు క్వార్టర్లు.

స్కోరు 12.8 (80) అని రాసుంటే 12 గోల్స్, 8 బిహైండ్లు, మొత్తం 80 అని. ఇంతకంటే ఎక్కువ తెలియకపోయినా మ్యాచ్ హాయిగా చూడొచ్చు. ప్రతి నియమానికీ పక్కనున్నవాళ్లు అడగకుండానే వివరణ ఇస్తారు, అంపైర్‌ను తిడుతూ.

సీజన్ ఎప్పుడు మొదలవుతుంది?

పాయింట్ల మ్యాచ్‌లు ఏప్రిల్‌లో. అసలు పని మాత్రం అంతకుముందు నవంబర్‌లోనే, మొదటి ప్రీ-సీజన్ ట్రైనింగ్ రాత్రి మొదలవుతుంది. ఆ రాత్రి ఎంతమంది వచ్చారన్నది పాత కమిటీ సభ్యులు వేళ్లమీద లెక్కపెడతారు. క్రిస్మస్‌కు విరామం, జనవరి ఎండల్లో మళ్లీ పరుగులు. సీజన్ మొదలయ్యాక సాధారణంగా మంగళ, గురువారాలు సాయంత్రం ట్రైనింగ్, శనివారం మ్యాచ్. పది జట్ల డివిజన్‌లో ప్రతి జట్టూ మిగతా తొమ్మిదింటితో రెండేసి సార్లు ఆడుతుంది కాబట్టి 18 రౌండ్లు. ఆగస్టు చివరికి అవి అయిపోతాయి, సెప్టెంబరుకు ఫైనల్స్.

పట్టికలో మొదటి స్థానంలో ఉంటే గెలిచినట్టే కదా?

కాదు. యూరప్ సాకర్ లీగులకు అలవాటుపడినవాళ్లకు ఇది మింగుడుపడదు. 18 రౌండ్లూ గెలిచి సెప్టెంబరులో రెండు మ్యాచ్‌లు ఓడితే చేతికేమీ రాదు. పట్టికను ల్యాడర్ అంటారు. గెలుపుకు 4 పాయింట్లు, డ్రాకు 2. అందులో మొదటి నాలుగు జట్లే ఫైనల్స్‌కి వెళ్తాయి. గ్రాండ్ ఫైనల్ గెలిచిన జట్టే ప్రీమియర్, దానికి దక్కేది ఫ్లాగ్.

ఫైనల్స్ ఇలా నడుస్తాయి. మూడు, నాలుగు స్థానాల జట్లు తలపడితే ఓడినవాళ్లు ఇంటికి. ఒకటి, రెండు స్థానాల జట్లు తలపడితే గెలిచినవాళ్లు నేరుగా గ్రాండ్ ఫైనల్‌కి. ఓడినవాళ్లకు ఇంకో అవకాశం ఉంటుంది, వాళ్లు ప్రిలిమినరీ ఫైనల్‌లో మూడు-నాలుగు మ్యాచ్ విజేతతో ఆడతారు. పెద్ద లీగ్ అయిన వీఎఫ్ఎల్ (ఇప్పటి ఏఎఫ్ఎల్) 1931లో ఈ పద్ధతి తెచ్చింది. తర్వాత ఆ లీగ్ దాన్ని ఎన్నోసార్లు మార్చుకుంది గానీ, స్థానిక పోటీల్లో నాలుగు జట్ల పద్ధతి ఇంకా గట్టిగా నిలబడి ఉంది.

ఆ రెండో అవకాశం విలువ ఎంతో లెక్క కట్టి చూడండి. నాలుగు జట్లూ సరిసమానమని, ప్రతి మ్యాచూ బొమ్మా బొరుసే అని అనుకుందాం. మొదటి రెండు స్థానాల్లో ఉన్న జట్టుకు ఫ్లాగ్ గెలిచే అవకాశం 37.5 శాతం. మూడు, నాలుగు స్థానాల జట్టుకు 12.5 శాతం. అంటే రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య మూడింతల తేడా. ఆగస్టులో క్లబ్‌హౌస్ బార్ దగ్గర పెద్ద మగాళ్లంతా ఫోన్లలో వేరే మైదానాల స్కోర్లు చూస్తూ గోళ్లు కొరుక్కునేది ఇందుకే.

మరి కింది స్థానం నుంచి వచ్చి ఎవరూ గెలవలేదా అంటే, గెలిచారు. 1900లో, పెద్ద లీగ్‌లో కూడా ఆటగాళ్లకు డబ్బివ్వడం నిషేధంగా ఉన్న రోజుల్లో, మెల్‌బోర్న్ క్లబ్ ఎనిమిది జట్లలో ఆరో స్థానంలో నిలిచి కూడా ప్రీమియర్ అయింది. అప్పుడు మామూలు రౌండ్లు అయ్యాక ఎనిమిది జట్లనూ రెండు విభాగాలుగా చేసి మళ్లీ ఆడించేవారు, అంటే అట్టడుగు జట్టుకూ తలుపు తెరిచే ఉండేది. చివరి మ్యాచ్‌లో ఫిట్జ్‌రాయ్ మీద 4 పాయింట్ల తేడాతో గెలిచారు. మరుసటి ఏడాదే ఆ పద్ధతి ఎత్తేశారు.

పర్సెంటేజ్ అంటే?

చేసిన పాయింట్లను ఇచ్చిన పాయింట్లతో భాగించి వందతో గుణించాలి. 1,500 చేసి 1,200 ఇచ్చిన జట్టుకు 125. గెలుపులు సమానమైతే ఇది ఎక్కువున్నవాళ్లు పైన. క్రికెట్ నెట్ రన్ రేట్ తెలిసినవాళ్లకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

ఫ్లాగ్ గెలిచే జట్టుకూ మిగతావాటికీ తేడా ఎక్కడ?

అందరూ కోచ్ పేరో, స్టార్ ఫార్వర్డ్ పేరో చెబుతారు. నా లెక్క వేరు. అమెచ్యూర్ ఫ్లాగ్ జూలైలో తేలుతుంది, అదీ రిజర్వ్స్ ఆటగాళ్ల చేతుల్లో.

ఎందుకంటే వీళ్లెవరికీ ఇది ఉద్యోగం కాదు. జూన్, జూలై నెలల్లో ఉత్తరార్ధగోళంలో ఎండాకాలం. చేతిలో కాస్త డబ్బున్న పాతికేళ్ల కుర్రాళ్లు వరసగా యూరప్ విమానం ఎక్కుతారు. విద్యార్థులకు సెమిస్టర్ పరీక్షలు అప్పుడే. అకౌంటెంట్లకు జూన్ 30తో ఆర్థిక సంవత్సరం ముగింపు. కొత్తగా తండ్రైనవాడికి నిద్ర లేదు. దానికి తోడు బురద నేలమీద తొడ కండరాలు పట్టేస్తాయి, మామూలు కండర గాయానికే మూడు నుంచి ఆరు వారాలు పోతాయి. మోకాలి లిగమెంట్ తెగిందంటే ఆ సీజన్ ముగిసినట్టే, చాలాసార్లు తర్వాతి సీజన్ మొదలూ పోతుంది. ఏప్రిల్‌లో కోచ్ బోర్డు మీద రాసుకున్న 22 పేర్లలో జూలై మధ్యకు సగం గీతలు పడి ఉంటాయి.

అప్పుడు ఎవరు ఆడతారన్నదే ప్రశ్న. మంచి క్లబ్‌లో ఆ ఖాళీల్లోకి రిజర్వ్స్ నుంచి వచ్చినవాడికి సీనియర్ జట్టు ఆటతీరు ముందే తెలిసి ఉంటుంది, ఎందుకంటే రెండు జట్లూ ఒకేలా ఆడతాయి, కలిసే ట్రైనింగ్ చేస్తాయి. వాడు అద్భుతాలు చేయనక్కర్లేదు. తన మనిషిని వదలకుండా ఉంటే చాలు. అలా జూలైలో రెండు దగ్గరి మ్యాచ్‌లు నిలబెట్టుకున్న జట్టు రెండో స్థానంలో ఉంటుంది, పోగొట్టుకున్న జట్టు నాలుగో స్థానంలో. పైన చూసిన లెక్క ప్రకారం అక్కడే సగం కథ అయిపోయింది.

బాధ ఏమిటంటే, సెప్టెంబరుకు యూరప్ వెళ్లినవాళ్లు తిరిగొస్తారు, గాయాలు మానతాయి. జూలైని కాపాడిన కుర్రాడు మళ్లీ రిజర్వ్స్‌కి వెళ్తాడు. గ్రాండ్ ఫైనల్ ఫొటోలో అతను ఉండడు.

మాజీ ఏఎఫ్ఎల్ ఆటగాడిని తెచ్చుకుంటే సరిపోదా?

డబ్బు తీసుకోకుండా ఆడతానంటే రావొచ్చు, వస్తుంటారు కూడా, ఎక్కువగా తాము చదివిన స్కూలు క్లబ్‌కి. ఒక్కడితో 18 మంది ఆట మారదు. అతను గురువారం ట్రైనింగ్‌లో పక్కన నిలబడే పంతొమ్మిదేళ్లవాడికి నేర్పేది మాత్రం పనికొస్తుంది.

బాగా ఆడే మనిషి కూడా గ్రాండ్ ఫైనల్‌కు దూరం కావడానికి కారణాలేంటి?

మొదటిది అర్హత. ఫైనల్స్ ఆడాలంటే ఆ సీజన్‌లో క్లబ్ తరఫున కనీసం ఇన్ని మ్యాచ్‌లు ఆడి ఉండాలన్న నిబంధన ఉంటుంది. పై జట్టువాళ్లను చివర్లో రిజర్వ్స్‌కి దించి కప్పు కొట్టుకోకుండా కూడా ఇలాంటి అడ్డుకట్టలే. ఈ లెక్కలు చూసుకోవడం టీమ్ మేనేజర్ పని. పొరపాటు జరిగితే గెలిచిన మ్యాచ్ కాగితాల మీద పోతుంది.

రెండోది ట్రిబ్యునల్. ప్రిలిమినరీ ఫైనల్‌లో కోపంతో ఒక మోచేయి విసిరినవాడు మంగళవారానికల్లా సస్పెండై కూర్చుంటాడు. ఇలాంటివాడి మీద నాకు జాలి లేదు.

మూడోది కన్‌కషన్, అంటే తల దెబ్బ. ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ 2024 మార్గదర్శకాల ప్రకారం కమ్యూనిటీ క్రీడల్లో తలకు దెబ్బ తగిలి కన్‌కషన్ అయినవాళ్లు కనీసం 21 రోజులు పోటీ ఆటకు దూరంగా ఉండాలి. లక్షణాలు పూర్తిగా పోయి 14 రోజులు గడిచాకే ఢీకొట్టే ట్రైనింగ్‌కు రావాలి. సెప్టెంబరులో మూడు వారాలంటే ఫైనల్స్ మొత్తం. "వాడు బాగానే ఉన్నాడు, ఆడనివ్వండి" అనే గొంతులు వినబడతాయి. వినకుండా కూర్చోబెట్టే ట్రైనర్ ఉన్న క్లబ్‌కే మీ పిల్లల్ని పంపండి.

వాతావరణం అంత ముఖ్యమా?

మెల్‌బోర్న్‌లో ఉంటూ ఈ ప్రశ్న అడుగుతున్నారా! పెద్ద స్టేడియంలో గోడలు గాలిని ఆపుతాయి, పార్కులో ఆపేదేమీ లేదు. ప్రతి క్వార్టర్‌కూ జట్లు వైపులు మారతాయి కాబట్టి గాలి ఒక వైపు వీస్తుంటే గాలివాటు ఉన్న జట్టు ఆ క్వార్టర్‌లో అయిదు గోల్స్ కొట్టాలి, ఎదురుగాలి ఉన్న జట్టు బంతిని హద్దు దగ్గరే నొక్కిపెట్టి కాలం గడపాలి. టాస్ గెలిచిన కెప్టెన్ ఆకాశం చూసేది అందుకే. ఇక వేసవిలో అదే నేలమీద క్రికెట్ ఆడతారు. జూలై వానలకు నడిమి పిచ్ ప్రాంతం బురదగుంట అవుతుంది. అలాంటి చోట సెంటర్‌లో బంతిని నేలకేసి కొడితే సరిగ్గా ఎగరదు, అందుకే అంపైర్ పైకి విసురుతాడు. ఎండలో అందంగా ఆడే జట్లు చాలా ఉంటాయి. బురదలో 6.5 (41) చేసి 5.9 (39) చేసిన ప్రత్యర్థిని ఓడించడం నేర్చుకున్న జట్టే సెప్టెంబరు దాకా వస్తుంది.

మైదానం బయట పనిచేసేవాళ్లెవరు?

ఆటగాళ్లకన్నా ఎక్కువమంది. ట్రైనర్లు, అంటే కట్లు కట్టేవాళ్లు, మసాజ్ చేసేవాళ్లు. నీళ్లు మోసేవాళ్లు. కోచ్ మాటను పరిగెత్తుకుంటూ మైదానంలోకి తీసుకెళ్లే రన్నర్. సైరన్ దగ్గర ఇరు క్లబ్బుల టైమ్‌కీపర్లు. కింది డివిజన్లలో గోల్ అంపైర్, బౌండరీ అంపైర్ కూడా క్లబ్ మనుషులే కావచ్చు. ప్రత్యర్థికి గోల్ పడ్డప్పుడు ముఖంలో ఏమీ కనబడకుండా రెండు జెండాలు ఊపడం చిన్న విషయం కాదు. కాంటీన్‌లో పైలు, బార్బెక్యూ మీద సాసేజ్‌లు, కోసిన నారింజ ముక్కలు, మాంసం ట్రే రాఫిల్ టికెట్లు. కౌన్సిల్‌కు మైదానం అద్దె, బంతులు, జెర్సీలు, లైట్ల కరెంటు బిల్లు, ఇవన్నీ ఈ డబ్బుతోనూ, సబ్స్‌తోనూ, పేటలోని ప్లంబర్, రియల్ ఎస్టేట్ ఏజెంట్ల స్పాన్సర్‌షిప్‌తోనూ నడుస్తాయి.

గ్రాండ్ ఫైనల్ వారం ఎలా ఉంటుంది?

గురువారం రాత్రి అసలు టెన్షన్. ట్రైనింగ్‌కు మామూలుకన్నా రెట్టింపు జనం వస్తారు. తర్వాత జట్టు ప్రకటిస్తారు. మంచి కోచ్ అయితే చోటు దక్కనివాడికి అందరి ముందు చదవకముందే పక్కకు పిలిచి చెబుతాడు. పద్నాలుగేళ్లుగా క్లబ్‌లో ఆడుతున్నవాడైనా సరే, ఆ రాత్రి ఆ మాట వినాల్సి రావచ్చు.

శనివారం మీరు వెళ్తే టికెట్ కొనుక్కుని, చలికోటు వేసుకుని వెళ్లండి. చాలా స్థానిక మైదానాల్లో క్వార్టర్ విరామాల్లో ప్రేక్షకులను లోపలికి రానిస్తారు. మూడో క్వార్టర్ అయ్యాక కోచ్ చుట్టూ ఆటగాళ్లు, వాళ్ల చుట్టూ అమ్మానాన్నలు, పిల్లలు, కుక్కలు, అందరూ వలయంగా నిలబడి వింటారు. ఏఎఫ్ఎల్ టికెట్ ఎంత పెట్టి కొన్నా ఇది దొరకదు. ఫైనల్స్‌లో కొన్నిచోట్ల తాడు కట్టి ఆపుతారు, అడిగి వెళ్లండి.

డ్రా అయితే?

ఇప్పుడు అదనపు సమయం ఆడించడమే ఎక్కువ. ఒకప్పుడు మొత్తం మ్యాచ్ మళ్లీ పెట్టేవారు. ఏఎఫ్ఎల్‌లో 2010లో కాలింగ్‌వుడ్, సెయింట్ కిల్డా 68-68తో సమమై వారం తర్వాత మళ్లీ ఆడాయి, కాలింగ్‌వుడ్ 56 పాయింట్ల తేడాతో గెలిచింది.

గెలిచాక ఏం జరుగుతుంది?

కప్పు, మెడళ్లు, ఫొటో. తర్వాత డ్రెస్సింగ్ రూమ్‌లో తలుపులు మూసి భుజాలమీద చేతులేసుకుని వలయంగా నిలబడి క్లబ్ పాట. ప్రతి గెలుపుకూ పాడేదే గానీ ఈసారి గొంతులు బొంగురుపోతాయి. సోమవారం మ్యాడ్ మండే: వింత వేషాలు, తాగుడు. సెలవు పెట్టని అకౌంటెంట్ల సంగతి మంగళవారం చూడాలి. కొన్ని వారాలకు బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్ రాత్రి, క్లబ్ ఆ ఏడాది మేటి ఆటగాడికి ఇచ్చే బహుమతి.

వరుసగా గెలవడం సాధ్యమా?

ఓల్డ్ జేవియరియన్స్ 1995 నుంచి 2000 వరకు వాఫా అగ్ర విభాగంలో వరుసగా ఆరు ఫ్లాగ్‌లు గెలిచింది. ఏటా జూలై వచ్చే పోటీలో ఆరేళ్లు అలా నిలబడటం నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. అమెచ్యూరిజానికి ఇంకో ముఖమూ ఉంది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ జట్టు 1908లో వీఎఫ్ఎల్‌లో చేరింది. 1911లో ఆ లీగ్ చెల్లింపులను అనుమతించాక కూడా డబ్బు ముట్టుకోలేదు. చివరి 51 మ్యాచ్‌లు వరుసగా ఓడి 1914తో లీగ్ వదిలేసింది. డబ్బిచ్చేవాళ్లతో డబ్బు లేనివాళ్లు ఆడితే ఏమవుతుందో అప్పుడే తేలిపోయింది. అందరూ ఉచితంగా ఆడే పోటీ వేరుగా ఉండాలని వాఫా పట్టుబట్టడంలో అర్థముంది.

గెలిచిన జట్టు మరుసటి ఏడాది ఏమవుతుంది?

అగ్ర విభాగం కాకపోతే పైకి వెళ్తుంది. అక్కడ ఆట వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. ఫ్లాగ్ గెలిచేదాకా ఆగిన ముప్పై దాటినవాళ్లు రిటైరవుతారు, ఒకరిద్దరిని డబ్బిచ్చే లీగులు లాక్కుంటాయి. కప్పు కొట్టి పైకెళ్లి, ఏడాది తిరక్కుండానే కిందికి జారిన క్లబ్బులు కొత్తేమీ కాదు.

అమ్మాయిలకు జట్లున్నాయా?

ఉన్నాయి. వాఫాలో మహిళల పోటీ 2017లో, ఏఎఫ్ఎల్ మహిళల లీగ్ మొదలైన ఏడాదే, ప్రారంభమైంది. ఆ తర్వాత చాలా క్లబ్బుల్లో శనివారాలు మరింత రద్దీ అయ్యాయి.

మన పిల్లల్ని చేర్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు మనవాళ్లు చాలామంది ఉన్నారు, అక్కడి మైదానాల్లో ఇప్పుడు మన పిల్లలు కనబడుతున్నారు కూడా. చిన్నవాళ్లకు ఆస్‌కిక్ ఉంది. అందులో ఢీకొట్టుకోవడం ఉండదు, ఆడుతూ నేర్పుతారు. తర్వాత వయసును బట్టి జూనియర్ క్లబ్బులు, ఆపైన అండర్-19. ఇరవై దాటాక మొదలుపెడతానన్నా అడ్డేమీ లేదు. కింది డివిజన్ రిజర్వ్స్‌లో మొదటిసారి బంతి పట్టుకున్నవాళ్లు ఉంటారు. భారత్ జట్టు మెల్‌బోర్న్‌కు వచ్చి 2008 నుంచి అంతర్జాతీయ కప్‌లో కూడా ఆడింది.

నవంబర్‌లో వెళ్లండి. ఏప్రిల్ దాకా ఆగితే అప్పటికే స్నేహాలు, జట్టు కుదిరిపోయి ఉంటాయి. మౌత్‌గార్డ్ ముందే చేయించండి. బూట్లకు మాత్రం తొందరపడకండి, క్లబ్బుల్లో పిల్లలకు చిన్నవైపోయిన పాత జతలు ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి, అడిగితే ఇస్తారు.